రాజుగారి నెలవంక చెవి బంధువులు

ఒకానొక కాలాన గుండ్లసీమ అనే రాజ్యం ఉండేది. అక్కడ వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ, బిరుదులు మరీ ఎక్కువ. ఏలే రాజు పేరు రణమార్తాండుడు. పేరు విని మహా యుద్ధవీరుడనుకునేరు! ఆయన పుట్టిన నాటినుంచి ఆ రాజ్యం మీదికి ఎవరూ దండెత్తి రాలేదు. రాళ్ల కోసం ఎవరు వస్తారు? అయినా వందిమాగధులు తెల్లవారుతూనే ముప్పైరెండు బిరుదులూ చదివితేగాని ఆయన మంచం దిగేవాడు కాదు.

ఆ కొలువులో మాచన అనే లేఖకుడు ఉండేవాడు. రాజు చెప్పిన ఆజ్ఞను తాటాకు మీద రాయడం, శాశ్వతంగా ఉండవలసినదైతే రాగిరేకు మీద చెక్కించడం, ఆపైన నలుగురిలో గట్టిగా చదివి వినిపించడం అతని పని. మనిషి బక్కపలచన, నాలుక పదును. ఇరవై ఏళ్లుగా రాజుగారి మాటలు రాసి రాసి, ఆ తెలివి లోతు మోకాలిదాకా కూడా రాదని తెలుసుకున్నవాడు. తెలిసిన సంగతి ముఖాన కనపడనివ్వకుండా ఉండడమే అతని ఉద్యోగంలో అసలు కష్టం.

ఒకసారి ఒక వర్తకుడు కొలువుకు వచ్చాడు. అతని వెంట బోనులో ఒక కుక్కపిల్ల. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి పాదాలు.

"మహాప్రభూ! సముద్రాల అవతల కనకద్వీపంలో ఏనుగులతో పోరాడే జాతి ఇది. చక్రవర్తుల ఒడిలో తప్ప పెరగదు. తమను తప్ప ఇంకెవరిని చూసినా మొరిగింది," అన్నాడు వర్తకుడు.

ఆ పిల్ల అప్పుడు ఆవులించింది. రాజుగారు మురిసిపోయి వర్తకుడికి ముత్యాల హారమూ, మేలుజాతి గుర్రమూ ఇచ్చాడు. వర్తకుడు ఆ గుర్రం మీదే ఎక్కి, వచ్చినదానికంటే వేగంగా వెళ్లిపోయాడు.

మేలుజాతి కుక్క వచ్చాక దాని జాతి చదివేవాడు ఉండాలి కదా! ఎక్కడినుంచో కుండినభట్టు అనే ఆయన ఊడిపడ్డాడు. తనకు తానే శునకసిద్ధాంతి అని బిరుదు పెట్టుకున్నాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక పొడుగాటి వెండి బెత్తం ఉండేది. దానితోనే దూరంనుంచి కుక్కను చూపిస్తూ శాస్త్రం చెప్పేవాడు. జన్మలో ఒక్క కుక్కనైనా చేత్తో ముట్టిన పాపాన పోలేదు. కుక్క ఆమడ దూరంలో ఉంటేనే ఆయనకు శ్లోకాలు గుర్తొచ్చేవి, దగ్గరికి వస్తే అన్నీ మరిచిపోయేవాడు.

కుక్కపిల్ల ఎడమ చెవి అంచున నెలవంకలా ఒక గంటు ఉంది. సిద్ధాంతి బెత్తంతో దాన్ని చూపించాడు.

"ఆహా! అర్ధచంద్ర లాంఛనం! కోటి శునకాల్లో ఒక్కదానికి పుట్టుకతో వచ్చే గుర్తు మహాప్రభో! సాక్షాత్తూ బ్రహ్మ గీసిన గీత. ఈ శునకం చక్రవర్తి వంశంలో పుట్టింది."

అంతే, కుక్కకు దిగ్విజయ కంఠీరవం అని పేరు పెట్టారు. పట్టుపరుపు వేశారు, పల్లకీ కట్టించారు, బిరుదులు చదవడానికి ఒక వందిని ఏర్పాటు చేశారు. కుక్కను అందలం ఎక్కిస్తే కుచ్చులన్నీ తెగ కొరికిందట. కంఠీరవం కూడా కొరికింది. సిద్ధాంతి దానికీ ఒక అర్థం చెప్పి, ఒక సన్మానం పుచ్చుకున్నాడు.

ఏ కుక్కైనా పడుకోబోయే ముందు చుట్టూ తిరుగుతుంది. వీధి కుక్క మట్టిలో తిరుగుతుంది, కంఠీరవం పట్టుపరుపు మీద తిరిగింది. "భూప్రదక్షిణం!" అన్నాడు సిద్ధాంతి. సన్నాయి మోగితే కుక్క తల పక్కకు వంచి ఊళ పెట్టింది. "సంగీత జ్ఞానం!" అన్నాడు. సన్నాయి వాయించేవాడు ఆ రోజునుంచి కుక్క తలూపేదాకా వాయించవలసి వచ్చింది. వెనుకవైపు దురద పుట్టి అది నేల మీద కూలబడి జరుక్కుంటూ పోతే, "చూశారా ప్రభూ! జయించబోయే భూమిని కొలుస్తోంది!" అన్నాడు. రాజుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సభ అంతా కొట్టింది. మాచన కూడా కొట్టాడు, కాకపోతే ఆ మాటలు రాస్తున్న గంటం వంకతో ఒక చెయ్యే ఆడించాడు.

ఇక కంఠీరవం భోజనం. పొద్దున నేతి పొంగలి, మధ్యాహ్నం పూర్ణం బూరెలు, సాయంకాలం పాలకోవా. నడిస్తే పాదాలు అరుగుతాయని పల్లకీలోనే తిప్పేవారు. రోజూ పన్నీటి స్నానం. ఎనిమిది నెలలు గడిచేసరికి అది కుక్కో, కాళ్లున్న గాదో తెలియని స్థితికి వచ్చింది. నడక లేక గోళ్లు పెరిగి వంకర తిరిగాయి. వీపు మీద జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయింది. చెవుల్లోంచి చెడ్డ వాసన. మొరగడం ఏనాడో మానేసింది. రాజుగారు కొలువు ముగిశాక పల్లకీ పక్కన నిలబడి "కంఠీరవా!" అని పిలిస్తే ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసేది. ఆ తోక ఆయనను చూసి ఒక్కసారి కూడా ఆడలేదు.

ఒక రోజు అది బూరెలు ముట్టలేదు. తోటలో దిగి గబగబా గడ్డి మేసి, తిరిగి వచ్చి రాజుగారి పావుకోళ్ల మీద వాంతి చేసుకుంది. కడుపు బాగాలేని కుక్క గడ్డి తింటుందని పశువులు కాసే పిల్లను అడిగినా చెబుతుంది. గుండ్లసీమ రాజుగారు మాత్రం గుండెలు బాదుకున్నాడు.

సిద్ధాంతి కళ్లు మూసుకుని, చాలాసేపు ఆలోచించినట్టు నటించి, తెరిచాడు.

"దోషం దీనిలో లేదు మహాప్రభో. నగరంలో వంశమూ, లాంఛనమూ లేని నీచపు కుక్కలు తిరుగుతున్నాయి. వాటి గాలి సోకింది. ఆ గాలి తొలిగితేగాని కంఠీరవం బూరె ముట్టదు."

"అయితే రాయి మాచనా!" అన్నాడు రాజు. "వచ్చే ఆదివారం నాటికి రాజ్యంలో వంశం లేని కుక్క అన్నది ప్రాణంతో ఉండకూడదు. కోటబయట మైదానానికి తోలి, దుడ్డుకర్రలతో కొట్టి చంపాలి."

మాచన చేతిలో గంటం ఆగిపోయింది. అతని ఇంటి అరుగు మీద ఒక కుంటికుక్క పడుకునేది. నుదుటి మీద నల్లటి మచ్చ ఉందని చుక్క అని పిలిచేవాడు. ఆలుబిడ్డలు లేని మాచనకు, సాయంకాలం కొలువునుంచి వస్తుంటే వీధి మలుపులో ఎదురువచ్చే ప్రాణి అదొక్కటే. మూడు కాళ్ల మీద గెంతుతూ వచ్చేది. అతను పెట్టే జొన్న సంకటికి అది చూపే సంబరం, ముప్పైరెండు బిరుదులకు రాజుగారు కూడా చూపేవాడు కాదు.

"ప్రభూ," అన్నాడు మాచన లేచి, "కుక్కల గాలికి కుక్క జబ్బుపడితే ఈపాటికి లోకంలో కుక్కలే మిగలవు. కంఠీరవానికి సోకినది బూరెల గాలి..."

"నోరు ముయ్యి!" అన్నాడు రాజు. "ఇంకొక్కసారి నా ముందు కుక్కల మాట ఎత్తావో, నీ మెడకు గొలుసు కట్టి కోటగుమ్మం దగ్గర కూర్చోబెడతాను. చచ్చిన కుక్కలన్నిటి బదులూ నువ్వే మొరుగుదువుగాని."

సభలో అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా సిద్ధాంతి నవ్వాడు. మాచన తల వంచుకుని ఆజ్ఞ రాశాడు. ఇరవై ఏళ్లలో అతని అక్షరాలు వంకరపోయింది ఆ రోజే. లోపల మాత్రం అవమానంతో కుతకుత ఉడికిపోయాడు. చంపమన్న రాజు మీద కంటే, అలా అనిపించిన సిద్ధాంతి మీద ఎక్కువ మండింది.

ఆ సాయంకాలం కంఠీరవం పల్లకీ పక్కనుంచి వెళుతూ మాచన ఆగాడు. కుక్క తల వాల్చి పడుకుని ఉంది. చెవి అతని చేతికి అందే దూరంలో ఉంది. పాపం అనిపించి నిమిరాడు. నిమురుతూ ఆ నెలవంక గంటును వేళ్లతో తడిమాడు. గంటు అంచు వెంట సన్నగా గట్టిగా ఉంది, వెంట్రుక మొలవలేదు. కత్తి కోత మానితే ఎలా ఉంటుందో అలా ఉంది. బ్రహ్మకు కత్తి ఎందుకు?

ఇలాంటి చెవిని తాను ఇంతకుముందు చూశాడు. ఎక్కడ? ఆలోచిస్తూ నడుస్తుంటే సంతలో అమ్మకానికి వచ్చే గొర్రెలు గుర్తొచ్చాయి. మర్నాడు పొద్దున్నే గొర్రెల మందలు మేసే కొండవాలుకు బయలుదేరాడు.

రెండు మందలు దాటాక, మూడో మంద దగ్గర ఆగాడు. మూడు వందల గొర్రెలు. ప్రతి గొర్రె ఎడమ చెవికీ నెలవంక గంటు. మంద చుట్టూ పన్నెండు కుక్కలు, వాటికీ అదే గంటు. మంద యజమానురాలు ఓబులమ్మ అనే ముసలి గొల్లామె. రాతి మీద కూర్చుని, ఒళ్లో ఒక నల్ల కుక్క తల పెట్టుకుని, దాని చెవుల్లో వేపనూనె వేస్తోంది.

"ఎవురు సామీ? దావ తప్పినారా?" అంది.

"లేదమ్మా. ఈ చెవి గంటు సంగతి తెలుసుకుందామని వచ్చాను."

"గంటా? అది మా ఇంటి గుర్తు సామీ. మా అత్త కాలం నుంచి మాది నెలవంక. ఆ పక్క మందోళ్లది చీలిక. అడవిలో మందలు కలిసిపోతే చెవి చూసే కదా ఏరుకోవాల? పుట్టిన మూడో వారం అమ్మోరి పేరు చెప్పి, కాల్చిన కత్తితో నేనే కోస్తా."

"మరి కుక్కలకు కూడానా?"

"కుక్కలు లేంది మంద యాడిది సామీ? నాలుగు దినాలు ఇవి లేకుంటే తోడేళ్లు నా మందను ఊడ్చుకోని పోతాయి. ఇదిగో ఈ కరెమ్మే, మొన్న శివరాత్రికి తోడేలు గొంతు పట్టింది. నిరుడు దీని కాన్పులో బూడిదరంగు పిల్ల ఒకటి పుట్టింది. కాళ్లు తెల్లగ ఉండేవి. ముద్దుగ ఉండాదని ఎవురో ఊర్లు తిరిగే సెట్టి అడిగితే, రెండు ఉప్పు మూటలకు ఇచ్చేసినా. ఇచ్చినాక నాలుగు దినాలు కూడు తినలేదు నేను. ఇదీ తినలేదు." ఆమె నల్లకుక్క నెత్తి నిమిరింది.

మాచనకు నవ్వు ఆగలేదు. రాజ్యమంతా పడిపడి మొక్కుతున్న చక్రవర్తి వంశం రెండు ఉప్పు మూటలు! కానీ ఆదివారం నాటి దుడ్డుకర్రలు గుర్తొచ్చి నవ్వు చాలించాడు. ఆజ్ఞ సంగతి ఓబులమ్మకు చెప్పాడు. ఆమె చెయ్యి కుక్క నెత్తి మీదే ఉండిపోయింది.

"ఇవి ఏం పాపం చేసినాయి సామీ?"

"ఏమీ చేయలేదు. చేసినవాళ్లు కోటలో ఉన్నారు. నువ్వు ఆదివారం పొద్దున మందనూ, కుక్కలనూ తోలుకుని మైదానానికి రా. శంఖం మోగిన తర్వాతే లోపలికి అడుగుపెట్టు. నీ వెంట్రుక కూడా కదలదు, నాది పూచీ."

దారిలో మాచన ఆలోచించుకున్నాడు. ఉన్న నిజం వెళ్లి చెబితే? సిద్ధాంతి కుళ్లుబోతు మాట అంటాడు. రాజుకు పరువు పోతుంది, పరువు పోయిన రాజు ముందు నిజం చెప్పినవాడి తల తీస్తాడు, తర్వాత ఓబులమ్మ తల తీస్తాడు. పైగా కుక్కల మాట ఎత్తితే మెడకు గొలుసు. కాబట్టి తాను నోరు తెరవకూడదు. వాళ్ల నోటితో వాళ్లే చెప్పాలి. చెప్పినదాన్ని రాయడం తన పనే కదా!

మర్నాడు కొలువులో వినయంగా నిలబడ్డాడు.

"ప్రభూ, నేను జంతువుల మాట ఎత్తను. నా పని మాట ఒకటి విన్నవించుకుంటాను. కంఠీరవం గారి వంశచిహ్నం ఇంతవరకు రాగిరేకు మీదికి ఎక్కలేదు. తాటాకులు చెదలు తింటాయి. రేపు తమ మునిమనుమలు చదువుకోవాలంటే ఎలా?"

రాజుగారు సింహాసనం మీద ఎగిరి కూర్చున్నాడు. "నిజమే! ఇంతకాలం ఎందుకు చెప్పలేదు? సిద్ధాంతిగారూ, చెప్పండి. మాచనా, రాయి."

సిద్ధాంతి గొంతు సవరించుకున్నాడు. "ఎడమ చెవిని అర్ధచంద్ర లాంఛనం ఉన్న ప్రాణి కంఠీరవం వంశంలో పుట్టినది."

"ప్రాణి అనే రాయమంటారా సిద్ధాంతిగారూ?"

"మరేమని రాస్తావు? అంత గొప్ప వంశాన్ని శునకమనే చిన్నమాటలో ఇరికిస్తావా? ప్రాణి అని రాయి!"

"చిత్తం. రేపు ఎవరైనా అసూయాపరుడు, అది కత్తితో కోసిన గంటు అంటే?"

"అన్నవాడి నాలుక కోయాలి! అది మనుషుల చేతికి లొంగే గుర్తు కాదు. బ్రహ్మ తప్ప ఇంకెవరూ గీయలేరు. అది కూడా రాయి."

రాజుగారికి ఉత్సాహం ఆగలేదు. తన మాట ఒక్కటీ లేకుండా శాసనమా? "రాయి! ఆ గుర్తు ఉన్న ప్రాణి ఏదైనా మా బంధువర్గంలోనిదే. ఎదురైతే సైనికుడు ఆయుధం దించి నమస్కరించాలి. సభకు వస్తే ఆసనం వేయాలి."

మాచన ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం తీయలేదు. అందరి ఎదుటా చదివి వినిపించి, రాగిరేకు మీద చెక్కించి, రాజముద్ర వేయించాడు.

శనివారం సాయంకాలం ఇంటికి వస్తుంటే వీధి మలుపులో ఎవరూ ఎదురు రాలేదు. అరుగు ఖాళీగా ఉంది. పట్టేవాళ్లు వలతో వచ్చి చుక్కను బండిలో వేసుకుపోయారని పొరుగింటివాళ్లు చెప్పారు. మాచన సంకటి కుండ మూత కూడా తీయలేదు. తన ఉపాయం తప్పితే ఏమవుతుందో తలుచుకుంటూ తెల్లవార్లూ అరుగు మీదే కూర్చున్నాడు.

ఆదివారం వచ్చింది. మైదానంలో యాభైమంది సైనికులు దుడ్డుకర్రలతో బారులు తీరారు. ఒక పక్కన కర్రబోనుల బళ్లు, వాటినిండా ఊరకుక్కలు. మూడో బండిలో చుక్క కనిపించింది. మాచనను చూసి, కంతలోంచి ముక్కు బయటపెట్టి, ఉన్న మూడు కాళ్ల మీద గెంతింది. రాబోయేదేమిటో దానికేం తెలుసు? తన మనిషి వచ్చాడు, అంతే. మాచన అటువైపు చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

ఒక పల్లకీలో రాజుగారు వచ్చాడు. ఇంకొక పల్లకీలో కంఠీరవం. ఈ రెండో పల్లకీ మోసేవాళ్లే ఎక్కువ చెమటలు కక్కుతున్నారు. పక్కన సిద్ధాంతి, చేత వెండి బెత్తం, చంకలో రాజముద్ర వేసిన చంపుడాజ్ఞ తాటాకు.

శంఖం ఊదారు. గుండ్లసీమలో ఒక ఆచారం ఉంది. కొత్త ఆజ్ఞ చదివేముందు, అదే విషయం మీద ఉన్న రాగిశాసనాన్ని ఒకసారి చదవాలి. మాచన రాగిరేకు ఎత్తిపట్టుకుని, మైదానం దద్దరిల్లేలా చదివాడు. నెలవంక చెవి, బ్రహ్మ గీత, నాలుక కోత, బంధువర్గం, నమస్కారం, ఆసనం. రాజుగారు ప్రతి మాటకూ తల ఊపాడు.

చదవడం అయిందో లేదో తూర్పువైపు దుమ్ము లేచింది. "హోయ్! హోయ్!" అంటూ ఓబులమ్మ, ఆమె ముందు మూడు వందల గొర్రెలు, చుట్టూ పన్నెండు కుక్కలు.

ముందువరసలోని సైనికుడు కర్ర ఎత్తాడు. మొదటి గొర్రె చెవి చూశాడు. ఇప్పుడే విన్న శాసనం గుర్తొచ్చింది. కర్ర దించి నమస్కరించాడు. రెండోవాడూ నమస్కరించాడు. గొర్రె వెంట గొర్రె వస్తూనే ఉంది, నమస్కారాలు పెట్టి పెట్టి సైనికుల చేతులు లాగేశాయి.

"ఏమిటీ అల్లరి?" అని అరిచాడు రాజు.

మాచన వంగి, "తమ బంధువర్గం ప్రభూ," అని, అధికారి వైపు తిరిగి, "మూడు వందల పన్నెండు ఆసనాలు తెప్పించండి. పెద్దవాళ్లు నిలబడి ఉన్నారు," అన్నాడు.

ఇంతలో రెండో పల్లకీలో కంఠీరవం తల ఎత్తింది. గాలిలో ముక్కు ఆడించింది. ఉన్ని వాసన, మంద వాసన, తల్లి వాసన. ఎనిమిది నెలలుగా పరుగన్నది ఎరగక సోలిపోయిన ఆ కుక్క, ఒక్కసారి కుయ్యిమంటూ పల్లకీలోంచి దూకింది. పల్లకీ పక్కకు ఒరిగి, బోయీలు కూలబడ్డారు. పొట్ట నేలకు రాసుకుంటూ, వంకర గోళ్లతో తడబడుతూ, పడి లేస్తూ పరిగెత్తి ఓబులమ్మ కాళ్ల మీద పడింది. అక్కణ్ణుంచి నల్ల కరెమ్మ దగ్గరికి పోయి వెల్లకిలా దొర్లింది. దాని తోక అంత వేగంగా ఆడగలదని కోటలో ఎవరికీ తెలియదు.

"ఓరి బూడిదగా!" అంది ఓబులమ్మ, రాజుగారు ఉన్నాడన్న సంగతే మరిచి. "ఇదేందిరా, ఇట్ల ఉబ్బినావు? గోర్లు చూడు, గద్ద గోర్ల మాదిరి! చెవుల్లో చీము! ఏ పాపిష్టోళ్లురా నీకు తీపి మేపినారు?"

 పాపిష్టోళ్లలో మొదటివారు కిరీటం సర్దుకున్నారు.

"మోసం మహాప్రభో!" అని సిద్ధాంతి కేక పెట్టాడు. "ఇవి నిజమైన లాంఛనాలు కావు! ఈ ముసలిది కత్తితో కోసి..."

"కోసి?" అన్నాడు మాచన, రాగిరేకు మళ్లీ ఎత్తి. "సిద్ధాంతిగారూ, కొంచెం ఆలోచించి మాట్లాడండి. కత్తితో కోసిన గంటు అన్నవాడి నాలుక ఏం చేయాలో తమరే చెప్పారు, నేను రాశాను."

సిద్ధాంతి చెయ్యి టక్కున నోటి మీదికి పోయింది.

"నేను గొర్రెల సంగతే అడుగుతాను," అన్నాడు మాచన. "ఆ పొట్టేలు చెవి మీదిది బ్రహ్మ గీసిందా, ఓబులమ్మ కోసిందా? బ్రహ్మ గీసిందంటే అది రాజుగారికి బంధువు. ఓబులమ్మ కోసిందంటే కంఠీరవం గారి చెవి కూడా ఆమే కోసింది. ఏదో ఒకటి చెప్పండి. సభ కాచుకుని ఉంది."

సిద్ధాంతి కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. వెండి బెత్తం కింద పడిపోయింది. ఆ గొడవలో చంకలో ఇరికించుకున్న తాటాకు సగం బయటికి వచ్చింది. ఆయన వెనుకనే నిలబడ్డ కొమ్ముల పొట్టేలు మెడ చాచి, దాన్ని లాగి, కరకరా నమిలింది.

రాజుగారి ముఖం జేవురించింది. చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది.  చుక్క బండిలోంచి ఒక్కసారి మొరిగింది.

"మాచనా! ఆ పొట్టేలు తింటున్నదేమిటి?"

"తమ ఆజ్ఞ ప్రభూ."

"దాని తల..."

"ఆయన తమ బంధువు ప్రభూ. ఇంటికి వచ్చిన బంధువు ఏదో తిన్నాడని తల తీసే ఆచారం గుండ్లసీమలో లేదు."

పొట్టేలు చివరి ముక్క మింగి, రాజుగారి ముఖంలోకి చూసి, "మే" అంది. రాజుగారి మీసం అదిరింది. పెదవి బిగబట్టాడు, పట్టలేకపోయాడు. ముందు ముక్కులోంచి ఒక చప్పుడు, తర్వాత భుజాలు ఊగడం, ఆపైన పల్లకీ అంతా ఊగిపోయేలా నవ్వు. రాజు నవ్వాడు గనక సైనికులు నవ్వారు. బోయీలు అంతకుముందే నవ్వుతున్నారు.

"ఓరి మాచనా! మమ్మల్ని గొర్రెలకు బంధువుల్ని చేశావు కదరా!"

"తమరు సెలవిచ్చారు ప్రభూ, నేను రాశాను. గొర్రెల తరఫున మాత్రం ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు."

రాజుగారు ఈసారి కళ్లనీళ్లు తుడుచుకున్నాడు. "కుక్కల మాట ఎత్తితే మెడకు గొలుసన్నాం. నువ్వు ఎత్తనేలేదు! బళ్లు విప్పండి. తినేసిన ఆజ్ఞ మళ్లీ రాయొద్దు."

బోనుల తలుపులు తెరిచారు. కుక్కలన్నీ తలోదిక్కూ పరిగెత్తాయి. ఒక్క కుంటికుక్క మాత్రం నేరుగా మాచన దగ్గరికి వచ్చింది. మాచన కింద కూర్చుని దాని మెడ చుట్టూ చేతులు వేశాడు.

ఓబులమ్మకు రాజుగారు కొండవాలు బీడంతా మేతకు వదిలేశాడు. కంఠీరవం బూడిదగాడై మందతో వెళ్లిపోయాడు. రెండు రోజులు పస్తు, ఆపైన రాగి సంకటీ మజ్జిగా, రోజంతా గొర్రెల వెంట పరుగు. మూడు నెలల్లో పక్కటెముకలు కనపడ్డాయి, జుట్టు మొలిచింది. ఒకసారి అటుగా వేటకు వెళ్లిన రాజుగారిని చూసి అది ఇష్టంగా తోక ఊపింది. బిరుదులు విన్నప్పుడు కూడా ఆయన ముఖం అంత వెలగలేదని వెంట ఉన్నవాళ్లు చెబుతారు.

కుండినభట్టు నాలుక కోయలేదు, కోసినా దేశానికి నష్టం లేకపోయేది. ఆయనను ఓబులమ్మ మందకు పంపారు. ఏడాదిపాటు పన్నెండు కుక్కలకు చేత్తో పిడుదులు ఏరాలి, చెవులు తుడవాలి, గోళ్లు తీయాలి. శాస్త్రం మొత్తం తప్పని ఆయనకు మొదటి రోజే తెలిసింది. రెండో రోజు కరెమ్మ మరింత వివరంగా పిక్కమీద చెప్పింది.

"నీకేం కావాలో కోరుకో," అన్నాడు రాజు మాచనతో, బంగారు కడియం తొడుగుతూ.

"ఆ రాగిరేకు ఇప్పించండి ప్రభూ. ఇంకెవరికీ పనికిరాదు."

మాచన దాన్ని కంచరి దగ్గరికి పట్టుకుపోయి, సుత్తితో కొట్టించి, గుండ్రటి గిన్నె చేయించాడు. ఎంత కొట్టినా అంచున 'బంధువర్గం' అన్న మాట మాసిపోలేదు. చుక్క చచ్చేదాకా అందులోనే నీళ్లు తాగింది.